పాత మద్రాసు ప్రింట్లు కొన్నాను, నాన్న గుర్తుపట్టలేదు. ఎవరైనా సలహా చెప్పండి

వడపళని_వాసు
కనుమరుగైన మద్రాసు కట్టడాలని ఆరు బొమ్మల సెట్టు ఆన్‌లైన్లో కనపడితే కొన్నాను. మూర్ మార్కెట్, స్పెన్సర్, పాత గవర్నమెంట్ హౌస్, బెంటింక్ బిల్డింగ్, వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్, భరత్ బిల్డింగ్. నాన్నకి 75 నిండిన రోజున ఇద్దామని. ఫ్రేములతో కలిపి పదకొండు వేలు వదిలింది.

నాన్న 1969లో కావలి నుంచి వచ్చి వడపళని స్టూడియోల్లో లైట్‌బాయ్‌గా చేరారు. షూటింగ్ లేని ఆదివారం వస్తే ఆయనకి మూర్ మార్కెట్టే గుడి. అందుకని ముందు ఆ బొమ్మే చేతికిచ్చాను. కళ్ళజోడు పైకి తోశారు, కిందికి దించారు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూశారు. "ఏ ఊరురా ఇది?" అన్నారు. మూర్ మార్కెట్ నాన్నా అన్నాను. "మరి జనమేరీ?" అన్నారు. అంతే, మంచం మీద పెట్టేసి కాఫీ అడిగారు.

అది మొన్న సెప్టెంబర్లో. ఇప్పుడు వానలు వెలిశాక చూస్తే స్పెన్సర్ మీద ఆకాశంలో గోధుమరంగు చుక్కలు. మబ్బులనుకుని నాలుగు రోజులు ఊరుకున్నా. మబ్బులు కావు, బూజు.

అడగాలనుకున్నవి: బొమ్మలు అసలు సరిగ్గానే వేశారా? ఆ మచ్చలు పోతాయా? నాన్న పనిచేసిన వాహినీ స్టూడియో గేటు బొమ్మ ఎవరైనా వేసిస్తారా? నాన్న అడిగింది అదొక్కటే.

కరిగిన_కుల్ఫీ
జనం కావాలంటే తలకింత అని ఎక్స్‌ట్రా ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో రాసుంటారు, చూసుకోవద్దూ?

పినాకిని_ప్రయాణికుడు
ఒక్క నిమిషం. భరత్ బిల్డింగ్ ఎప్పుడు కనుమరుగైంది? మౌంట్ రోడ్డు, జనరల్ పాటర్స్ రోడ్డు కలిసేచోట శిథిలంగానైనా నిలబడే ఉంది. 1897 నాటిది. 2006లో కూల్చడం మొదలెడితే ఇంటాక్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వాళ్ళు కోర్టుకెళ్ళారు, 2010లో హైకోర్టు ఆపింది. బతికున్న మనిషి ఫొటోకి దండేసినట్టుంది మీ సెట్టు.

వడపళని_వాసు
అయ్యో. ప్రింటు కింద "పోయిన వైభవం" అని కూడా ఉందండీ.

కరిగిన_కుల్ఫీ
వైభవం పోయింది, బిల్డింగ్ ఉంది. అబద్ధమేం రాయలేదు వాళ్ళు 😄

నెల్లూరోడు
ఈ సెట్టే నేనూ కొన్నా. లిమిటెడ్ ఎడిషనని యాభైయే వేశామన్నారు కదా. నాది 7/50, అంటే యాభైలో ఏడోది. వాసన్నా, నీదెంత?

వడపళని_వాసు
చూసొచ్చా. 7/50.

టీనగర్_పద్మ
నాదీ 7/50!! స్పెన్సర్ ఒక్కటే కొన్నాను. ఆ ఏడు మీద అడ్డగీత కూడా ఉందా మీకు?

నెల్లూరోడు
ఉండాది మేడమ్. అంటే మన ముగ్గురం కవలలం.

కరిగిన_కుల్ఫీ
త్రవలలు అంటారేమో. యాభై మందికీ ఏడే వచ్చుంటే ఊరికొక సంఘం పెట్టుకోవచ్చు.

బొమ్మల_బాబు
రాయపేటలో చిన్న ప్రింట్ల స్టూడియో నడుపుతాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

నంబరు, సంతకం పెన్సిల్‌తో వెయ్యడం మా పనిలో ఆనవాయితీ. పెన్సిల్ గీత వెలిసిపోదు, పక్కకి తిప్పి వెలుతురులో చూస్తే మెరుస్తుంది, వేలితో తడిమితే చిన్న గాడి తగుల్తుంది. మీ ముగ్గురి ఏడు మీదా ఒకటే అడ్డగీత ఉందంటే అది కూడా బొమ్మతో పాటు అచ్చయిందన్నమాట. గడియారాల రిపేరు వాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం దొరికితే బొమ్మ మీద పెట్టి చూడండి. చుక్కలు వరసగా, పువ్వుల్లా గుండ్రంగా కనపడితే మామూలు ఆఫ్‌సెట్, పెళ్ళి శుభలేఖలు వేసే పద్ధతే. ఇసక చల్లినట్టు చెదురుగా ఉంటే ఇంక్‌జెట్. ఇంక్‌జెట్‌లో మళ్ళీ రెండు రకాలు. పిగ్మెంట్ ఇంకు (రంగు పొడి కలిపింది) మంచి కాటన్ కాగితం మీద వేస్తే తరాలు నిలుస్తుంది, దాన్నే జిక్లే అని ఫ్రెంచి పేరు పెట్టి అమ్ముతారు. డై ఇంకు (నీళ్ళలో కరిగే రంగు) అయితే ఎండ తగిలే గోడ మీద రెండు మూడేళ్ళకే పాలిపోతుంది. బొమ్మ అంచున తెల్ల బోర్డరు పక్కన తడి ఇయర్‌బడ్‌తో మెల్లిగా రాయండి. రంగు బడ్‌కి అంటితే అది డై.

ఇక జనం సంగతి. మీ నాన్నగారు అడిగింది మామూలు ప్రశ్న కాదు. ఈ బొమ్మలు వేసేవాళ్ళలో చాలామంది (నేనూ అంతే) పాత పోస్టుకార్డులు, స్టూడియో ఫొటోలు ముందు పెట్టుకుని వేస్తాం. అప్పటి కెమెరాకి ఎక్స్‌పోజరు ఎక్కువసేపు కావాలి, కదిలేవాళ్ళు అలుక్కుపోతారు. అందుకని పొద్దున్నే ఎవరూ లేనప్పుడు తీసేవాళ్ళు. ఆ ఖాళీయే మా బొమ్మల్లోకి వచ్చేస్తుంది. ఇంకోటి, అప్పటి గాజు ప్లేట్లకి ఎరుపు అస్సలు అందదు, నీలం మరీ ఎక్కువ అందుతుంది. ఎర్రిటుక నల్లగా, ఆకాశం తెల్లకాగితంలా వస్తాయి. దాన్ని చూసి రంగులేసేవాడు స్పెన్సర్‌కి బూడిదరంగో, గులాబీరంగో వేసేస్తాడు. నేనైతే ముందు హైకోర్టుకి, ఎగ్మూరు మ్యూజియం థియేటర్‌కి వెళ్ళి ఆ ఇటుక చూసి వచ్చి కలుపుతాను. ఆ కాలపు ఇటుకే, ఆ ఎండే.

వడపళని_వాసు
ఇయర్‌బడ్ పరీక్ష చేశా. బడ్ ఎర్రబడింది. నా మొహం కూడా.

టీనగర్_పద్మ
నేను కాస్త అడ్డం చెప్తా. నాకు ఖాళీగా ఉండటమే నచ్చింది. మా ఇంట్లో ఏడుగురం, పైన అద్దెకి నలుగురు, కింద టిఫిన్ బండి. గోడ మీద కూడా జనమెందుకండీ? స్పెన్సర్ ముందు ఒక్క గుర్రబ్బండి, ఒక చెట్టు, హాయిగా ఉంది. మావారు సోఫాలో కూర్చుని దాన్నే చూస్తుంటారు, లోపలికెళ్ళి తలుపేసుకోవాలనుందంటారు.

సౌకార్‌పేట_శెట్టి
పద్మ గారూ, స్పెన్సర్‌కి అది చెల్లుతుంది. అది దొరల కొట్టు. 1983లో కాలిపోయేదాకా మావాళ్ళు లోపలికెళ్ళి వస్తువు కొన్న పాపాన పోలేదు, అద్దంలోంచి చూసి రావడమే. మూర్ మార్కెట్ అట్లా కాదే. మా తాతకి అందులో గడియారాల షాపు. 1898లో శంకుస్థాపన, అప్పటి కార్పొరేషన్ ప్రెసిడెంటు జార్జి మూర్ పేరు పెట్టారు, 1900లో తెరిచారు. ఎర్రటి వరండాలు, కమానులు అవన్నీ నిజమే, మీ బొమ్మలో ఉన్నట్టే. కానీ అక్కడ ఎవడూ తలెత్తి కమాను చూసిన వాడు కాదు. చూపంతా నేల మీదే. గోనెపట్టాల మీద పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, ఒంటి బూటు (రెండోది ఇంకో కొట్లో దొరికేది, నమ్మండి), పంజరాల్లో చిలకలు. చెప్పిన ధరలో మూడో వంతుకి అడగాలి, వాడు తిట్టాలి, మనం నడవాలి, వాడు పిలవాలి. మా తాత లెక్కన పిలుపు ఏడో అడుగు దగ్గర వచ్చేది.

1985 మే నెలలో తగలబడింది. తాత ఆ రాత్రి రిప్పన్ బిల్డింగ్ పక్కన నుంచుని చూశాడట. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుని పడుకున్నాడు, ఏం మాట్లాడలేదు. తర్వాత కొట్లవాళ్ళకి అల్లికుళంలో చోటిచ్చారు. ఆ స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషను. పేరు మాత్రం మూర్ మార్కెట్ కాంప్లెక్సే.

వడపళని_వాసు
శెట్టి గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించా. ఏడో అడుగు కాదంట, తొమ్మిదోదంట. "శెట్టిగారి మనవడు కదా, కొట్లో లోపలి నుంచి లెక్కపెట్టుంటాడు" అన్నారు.

సౌకార్‌పేట_శెట్టి
హహ. నాన్నగారికి నమస్కారాలు.

మైలాపూరు_మాలతి
బూజు గురించి ఎవరూ చెప్పలేదు. లైబ్రరీలో బైండింగ్ సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను, అందుకని ఆగలేక రాస్తున్నా.

వాసు బాబూ, ముందు ఫ్రేము గోడ మీంచి దించు. వెనక్కి తిప్పి చూడు. వెనక అట్ట గోధుమరంగు హార్డ్‌బోర్డు అయ్యుంటుంది, లేదా పాత కార్టన్ అట్ట. అద్దం నేరుగా బొమ్మకి అతుక్కుని ఉంటుంది. అదే అసలు జబ్బు. మన ఊళ్ళో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గాలిలో తడి. ఆ తడి అద్దం లోపలి వైపు పట్టి కాగితానికి అంటుతుంది. అట్టలోంచి పులుపు కాగితంలోకి దిగుతుంది. రెండూ కలిస్తే ఆ చుక్కలు.

ఏం చెయ్యాలంటే: ఫ్రేము విప్పించు. విప్పేటప్పుడు కాగితం అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు, ఆపెయ్. అంటుకోకపోతే నీడలో, గాలి తగిలే చోట రెండు రోజులు పరిచి ఉంచు. ఎండలో పెట్టకు. పొడి మెత్తటి బ్రష్‌తో పైన ఉన్న బూజు దులిపెయ్, ఇంట్లో కాదు, బయట, మూతికి గుడ్డ కట్టుకుని. కాగితంలోకి ఇంకిన మరక పోదు. బ్లీచింగ్ అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చెయ్. తర్వాత యాసిడ్ లేని మౌంటు బోర్డుతో (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) అద్దానికీ బొమ్మకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు పెట్టించు. ఫ్రేము వెనక కింది రెండు మూలల్లో రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. బాత్రూము గోడకి, వాన కొట్టే బయటి గోడకి ఎప్పుడూ తగిలించొద్దు. సెల్లోటేపు అసలే వద్దు. పదేళ్ళకి ఆ టేపు పోతుంది, దాని జిగురు మాత్రం పసుపుపచ్చగా ఉండిపోతుంది.

మా సెక్షన్‌లో మైదా జిగురులో చిటికెడు మైలతుత్తం కలిపేవాళ్ళం, పురుగు రాకుండా. ఇంట్లో పిల్లలుంటే ఆ పని చెయ్యకు, అది విషం.

వడపళని_వాసు
అమ్మా, మీరు చెప్పినట్టే విప్పించా. వెనక ఏముందో తెలుసా? మామిడిపళ్ళ డబ్బా అట్ట. "జాగ్రత్తగా దించవలెను" అని అచ్చేసి ఉంది.

కరిగిన_కుల్ఫీ
మీరే వినలేదు. గోడకెక్కించారు.

అన్నానగర్_అనూ
ఫ్రేము షాపువాడి మీద కంప్లయింటు పెట్టండి. ఊరుకుంటే ఎలా?

వడపళని_వాసు
అడిగానండీ. "సార్, బొమ్మ ఐదొందలు, నా పని వెయ్యి, అట్ట ఫ్రీ" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.

పినాకిని_ప్రయాణికుడు
వాసు గారి మూడో ప్రశ్నకి వస్తే, వాహినీ గేటుని హెరిటేజ్ అనలేం. బాధపడొద్దు. హెరిటేజ్ అంటే కట్టడంలో పనితనం ఉండాలి, కాలం ఉండాలి. హైకోర్టు ఉత్తర్వుతో ముందుకొచ్చిన పద్మనాభన్ కమిటీ జాబితాలోనే 467 కట్టడాలున్నాయి. వాటికే దిక్కులేదు. స్టూడియో ఫ్లోర్లంటే రేకుల షెడ్లు. రేకుల షెడ్డుకి బొమ్మ వేసి గోడకి తగిలిస్తే ఏం బాగుంటుంది?

నెల్లూరోడు
ఏందన్నా అట్టంటావు! ఆసియాలో అంత పెద్ద స్టూడియో లేదని చెప్పుకునేవాళ్ళే, ఆ రేకుల కిందే కదా ఇంద్రసభలు కట్టింది. మా పెదనాయన అక్కడ వడ్రంగి. స్వర్గం నాలుగు రోజుల్లో కట్టి అయిదో రోజు పీకేవాళ్ళమని చెప్పేవోడు.

అన్నానగర్_అనూ
పినాకిని గారి లెక్కన అయితే మనవాళ్ళకి మద్రాసులో బొమ్మ వెయ్యదగ్గదేమీ లేనట్టే. బిల్డింగులు దొరలవి, మనం లోపల పని చేసిన వాళ్ళం.

పినాకిని_ప్రయాణికుడు
నేనట్లా అనలేదు. విక్టోరియా పబ్లిక్ హాలు తీసుకోండి. 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి, డబ్బూ ఇచ్చారు. మద్రాసులో మొదటి సినిమా ప్రదర్శన అక్కడే, 1896లో. అది నిలబడే ఉంది. అందుకే ఏ "పోయిన మద్రాసు" సెట్టులోనూ ఉండదు. ప్రింట్లవాళ్ళకి చచ్చిపోయినవే కావాలి.

సౌకార్‌పేట_శెట్టి
భరత్ బిల్డింగ్ తప్ప.

పినాకిని_ప్రయాణికుడు
అవును, అది తప్ప 😀

లజ్_కార్నర్
పోయినవాటిలోనే మనవి వెతికితే గెయిటీ థియేటర్ ఉంది. మచిలీపట్నం నుంచి వచ్చి మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టిన రఘుపతి వెంకయ్య గారు కట్టించింది. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమా హాలంటారు. మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కూడా ఆయనవే. గ్లోబే తర్వాత రాక్సీ అయింది. ఒక్కటీ లేదు. తెల్లవాళ్ళు 1913లో పెట్టిన ఎలక్ట్రిక్ థియేటర్ బిల్డింగ్ మాత్రం మౌంట్ రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో ఇప్పటికీ ఉంది, స్టాంపులు అమ్ముతారు అందులో. గెయిటీ బొమ్మ ఎవరైనా వేస్తే నేను డబ్బు ముందే కట్టేస్తా.

నాకైతే శ్రీబాగ్ కూడా కావాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిల్లు, 1937లో కోస్తావాళ్ళు, రాయలసీమవాళ్ళు ఒడంబడిక రాసుకున్నది అక్కడే. లజ్‌లో ఆయన పేరుతో ఉన్న పార్కులో రోజూ నడుస్తాను. "ఈ నాగేశ్వరరావు ఎవరు, నటుడా?" అని పోయినవారం ఒక కుర్రాడు అడిగాడు.

సౌకార్‌పేట_శెట్టి
కొత్వాల్ చావడి మర్చిపోయారు. 1996లో కూరగాయలన్నీ కోయంబేడుకి పోయాయి. ఆ బొమ్మ వేస్తే కంపు కూడా రావాలి మరి. కుళ్ళిన క్యాబేజీ, తడి గోనె, పక్కనే కన్యకా పరమేశ్వరి గుళ్ళో సాంబ్రాణి.

టీనగర్_పద్మ
అది మాత్రం నా హాల్లోకి వద్దు 🙏

అన్నానగర్_అనూ
నాకు సఫైర్ థియేటర్. 1964లో మొదలై 1994లో మూశారు. ఒకే ఆవరణలో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్. బ్లూ డైమండ్‌లో ఒక్క టికెట్టు కొంటే రోజంతా ఏసీలో కూర్చోవచ్చు. మా మేనత్త నర్సు, నైట్ డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వెళ్ళి నిద్రపోయేది. సినిమా ఏంటో ఒక్కదాని పేరూ చెప్పలేదు.

కరిగిన_కుల్ఫీ
దానికి బొమ్మ సులువు. కాగితమంతా నల్లగా, మూల ఒక గురక.

బొమ్మల_బాబు
పినాకిని గారూ, రేకుల షెడ్డు గోడ మీద బాగుండదన్నారు. నిజం చెప్పనా? వెయ్యడానికి కమానుల కంటే రేకే కష్టం, రేకే సరదా. కమానుకి కొలత ఉంది. రేకు మీద తుప్పు, వాన చారలు, వేడికి పైన గాలి వణకడం... అది పెన్నుకి పని.

వాసు గారూ, వాహినీ గేటు వేస్తాను. డబ్బు సంగతి తర్వాత. నాకు ఫొటో వద్దు, నాన్నగారి మాట కావాలి. పొద్దున డ్యూటీకి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఏం కనపడేదో, ఎడమ ఏది, కుడి ఏది, ఎక్కడ నీడ ఉండేదో అడిగి రాయండి.

వడపళని_వాసు
అడిగా. నోటితో చెప్పలేక క్యాలెండర్ కాగితం చించి వెనక బాల్‌పెన్నుతో గీశారు. గేటు, గూర్ఖా స్టూలు, వేపచెట్టు, టీ బంకు, ఎక్‌స్ట్రాలు నుంచునే గోడ. వేషం వేసిన ఇద్దరు రాక్షసులు బీడీ తాగుతున్నట్టు కూడా గీశారు. గేటుకి ఎడమవైపు బంకు.

నెల్లూరోడు
ఎడమవైపా? మా పెదనాయన ఉన్నప్పుడు కుడిపక్కే అనేవోడే!

వడపళని_వాసు
నాన్నని మళ్ళీ అడిగా. "వాళ్ళ పెదనాన్న వడ్రంగి కదా, లోపలి నుంచి బయటికొచ్చేటప్పుడు చూసుంటాడు. మేం బయటి నుంచి లోపలికెళ్ళేవాళ్ళం" అన్నారు.

పినాకిని_ప్రయాణికుడు
ఇది బాగుంది. బంకు కదలకుండానే ఇద్దరూ కరెక్టే.

బొమ్మల_బాబు
క్యాలెండర్ కాగితం దాచండి, పారెయ్యకండి. పెన్సిల్ రఫ్ పదిరోజుల్లో పంపిస్తా.

మైలాపూరు_మాలతి
బాల్‌పెన్ను గీత ఎండకి వెలిసిపోతుంది వాసు బాబూ. దాన్ని కవర్లో పెట్టి బీరువాలో ఉంచు. గోడకి జిరాక్సు చాలు.

వడపళని_వాసు
ఇవాళ రఫ్ వచ్చింది. ఈసారి నాన్న కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు, గుమ్మంలోనే నుంచుని చూశారు. రాక్షసుల్లో ఒకడికి కోర ఊడి చేతిలో పట్టుకున్నట్టు వేశారు బాబు గారు, దానికి చాలాసేపు నవ్వారు. తర్వాత పెన్సిల్ అడిగి గోడ పొడుగునా చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలెట్టారు. ఏంటి నాన్నా అంటే సైకిళ్ళంట. చివరి నుంచి మూడోది ఆయనది. స్టాండు విరిగిపోయి ఉండేదంట, అందుకని గోడకి ఆనించి ఉండాలి, మిగతావి నిలబడి ఉండాలి. ఇది బాబు గారికి తప్పకుండా చెప్పమన్నారు.

బొమ్మల_బాబు
తప్పకుండా వేస్తా. సైకిల్ ఏది, ర్యాలీనా, హెర్క్యులిసా? హ్యాండిల్ తేడాగా ఉంటుంది.

వడపళని_వాసు
అడిగా. సొంతది కాదంట. అద్దె సైకిలు.

సౌకార్‌పేట_శెట్టి
అయితే వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో షాపు నంబరు ఉండాలి.

కరిగిన_కుల్ఫీ
7/50 అని వెయ్యండి బాబు గారూ.